కంపెనీ ఫిట్టింగ్

రెండేళ్లకోసారి
నా కారుకి బడి యూనిఫాం తొడుగుతాను.

తనిఖీకి ముందు రాత్రి.
ఉయెదా కొండల మీద మంచింకా కరగలేదు.
జాకీ ఎక్కించి, స్టాండ్లు పెట్టి,
వీపు కింద అట్టముక్క పరుచుకుని
దాని పొట్ట కిందికి దూరతాను.
కళ్లలో తుప్పు రాలుతుంది.
చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు
పాత బాకీలా అంచుల్లో వచ్చి కూర్చుంది.
నీళ్లు పోయే రంధ్రాల్ని వెదురుపుల్లతో తీస్తాను,
పసిపిల్ల చెవిలో గుమిలి తీసినంత భయంగా.

ఆ గొట్టం గురించి చెప్పాలి.
స్టెయిన్‌లెస్ స్టీలు, చేతి వెల్డింగు.
నగోయాలో ఒక ముసలాయన చేశాడు,
మూడు బోనస్సులు మింగింది.
మీటరు ముల్లు నాలుగువేలు దాటిందా
ఇక అది గొంతు దాచుకోదు.
పక్కింటి మారుయామా గారి కుక్క
ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

రేపొక్కరోజు అది చాపలో చుట్టుకుని మూల నిలబడాలి.
అటక మీంచి దిగుతుంది కంపెనీ సైలెన్సర్,
బరువైనది, బూజు పట్టినది,
జన్మలో ఎవరికీ ఎదురు చెప్పనిది.
స్ప్రింగులు పైకి. నేలకీ కారుకీ మధ్య
చట్టం అడిగిన తొమ్మిది సెంటీమీటర్లు.
లోపలికి వాలి నిలబడే ముందు చక్రాలు
హెడ్‌మాస్టరు వచ్చినట్టు నిటారుగా.
పదో నంబరు స్పానరు ఎప్పట్లాగే కనబడలేదు.
కనబడిన రోజున నాకు అనుమానమొస్తుంది.

తెల్లారి, చికుమా నది పక్క రోడ్డు.
కారు మాట్లాడటం లేదు.
సీటు కింద చిల్లర దొర్లడం విన్నాను.
గుడ్డ టాపు గాలికి ఊపిరి పీల్చడం విన్నాను.
ఇంకా
ఏమిటది?
సీసాలో పడ్డ తుమ్మెద లాంటి సన్నని రొద.
వేగం పెంచితే పెరిగింది.
క్లచ్ తొక్కినా ఆగలేదు.
కుడికి తిప్పితే గట్టిగా,
ఎడమకి తిప్పితే గుసగుసగా.

ఎడమ ముందు చక్రం బేరింగు.

ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది.
పంతొమ్మిదేళ్లుగా నా ఉద్యోగం ఏమిటనుకున్నారు?
బేరింగుల ఫ్యాక్టరీలో, గాజు గదిలో,
చిటికెన వేలి గోరంత బేరింగుల్ని
ఒక్కొక్కటే తిప్పి, చెవి పెట్టి వినడం.
మంచిది తెల్ల ట్రేలోకి, మూలిగేది ఎర్ర ట్రేలోకి.
కొత్తగా చేరిన పిల్లలకి చెబుతారు,
చిజురు గారి చెవి దాటి ఏదీ పోదని.
దీపం కింద చీకటి.
జీతం పోసి కొనుక్కున్న ఆ పాట చాటున
ఇది ఎన్నాళ్లుగా మూలుగుతోందో!

తనిఖీ కేంద్రంలో కుర్రాడి పేరు హనియుదా.
టేపు పెట్టి ఎత్తు కొలిచాడు.
రోలర్ల మీద బ్రేకులు తొక్కించాడు.
గొట్టం దగ్గర మీటరు పట్టుకుని
"చాలా పద్ధతిగా ఉందండీ" అన్నాడు.
నా గోళ్ల కింది నలుపు చూశాడు,
నిన్ననే తిప్పిన బోల్టుల మెరుపు చూశాడు,
ఏమీ అడగలేదు.
కాగితం మీద ముద్ర కొట్టి ఇస్తూ, మెల్లగా,
"ఎడమ ముందు చక్రం... నాదీ ఇలాగే అరిచేది" అన్నాడు.
నాది, అన్నాడు.
ఇంకెప్పుడైనా అడగాలి, ఏ రంగని.

శనివారం.
నట్టు రాలేదు.
రెంచికి ఇనుపగొట్టం తొడిగి, దాని మీద నిలబడి,
నా బరువు మొదటిసారి ఒక పనికొచ్చింది.
పాత బేరింగుని అరచేతిలో తిప్పాను.
ఇసుక నములుతున్నట్టుంది.
కొత్తది కూర్చోబెట్టి బిగిస్తే
టార్క్ రెంచి టిక్కుమంది,
సరేనని.

చాప విప్పాను.
గొట్టాన్ని కాసేపు గుడ్డతో తుడిచాను.
మళ్లీ చుట్టేశాను.
ఇంకో వారం ఇలాగే తిరుగుతాను,
ఇంకేమేం దాచిందో చెప్పనీ.

సాయంత్రం సందులోకి తిరుగుతుంటే
మారుయామా గారి కుక్క గేటు దాకా ఉరికొచ్చి
నోరు తెరిచి
ఎవరో అనుకుని
ఊరుకుంది.